ఉమ్మెత్తకాయకు ముళ్ళు మొలిచిన కథ

పూర్వం త్రేతాయుగంలో, చైత్ర శుద్ధ అష్టమినాడు, పగలు రెండో యామం ముగిసే వేళ, గౌతమీ తీరాన హారిద్రవ మహర్షి ఆశ్రమంలో సుధావతీ నగరపు రాజు సోమవర్ధనుడు ఒక గిన్నెడు పాలు తాగాడు. ఆ పాలలో ఆ ఉదయం ఒక యామం సేపు ఉమ్మెత్త గింజలు ఉడికాయి. పాలు ఇచ్చింది మహర్షి భార్య ఆర్జవి.

రాజుకు మూడేళ్ళుగా ఉబ్బసం. చలిగాలి తగిలినా, రథచక్రాల దుమ్ము లేచినా ఊపిరి అందక, పడుకోలేక, కూర్చునే తెల్లవార్చేవాడు. రాజవైద్యులు తాము చేయగలిగింది చేసి, చివరికి అశ్వినీదేవతల శిష్యపరంపరకు చెందిన హారిద్రవుడి దగ్గరికి పంపారు. ఎండిన ఉమ్మెత్త ఆకు నిప్పుల మీద ఎంత వేయాలో, ఆ పొగ ఎప్పుడు ఆపాలో మహర్షి దండనాథుడు వజ్రబాహువుకు నేర్పాడు. ఆ పొగతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఈ చైత్రంలో పొగ కూడా పనిచేయడం మానేసింది. అప్పుడు హారిద్రవుడు గింజతో మందు చేయడానికి ఒప్పుకుని, రాజును ఆశ్రమానికి రప్పించి, మూడు రోజులు లంఘనం పెట్టించాడు.

ఉమ్మెత్త అప్పుడూ ఎవరూ నాటని మొక్కే. కంచెల వెంట, పశువుల పాకల వెనక, పాడుపడ్డ గోడల కింద మొలిచేది. పూలు శివుడికి పెట్టేవారు. ఆకు వెచ్చజేసి కీళ్ళ వాపులకు కట్టేవారు. కాయ మాత్రం ఇప్పటిలా ఉండేది కాదు. నిమ్మకాయలా నున్నగా ఉండేది. గింజను శోధించకుండా వైద్యులెవరూ మందులో వేసేవారు కాదు. గింజల్ని గుడ్డలో మూటకట్టి, కుండ మూతికి అడ్డంగా పుల్ల పెట్టి, మూట పాలలో మునిగేలా వేలాడదీసి, ఒక యామం సేపు కాచాలి. గింజలోని ఉగ్రత పాలలోకి దిగుతుంది. గింజను కడిగి ఆరబెట్టి మందుకు తీసుకుంటారు. పాలను గుంట తీసి పూడుస్తారు.

ఆ ఉదయం హారిద్రవుడు తానే మూటకట్టాడు, తానే కాచాడు, తానే దింపాడు. గింజలు ఆరబోసి, నదికి బయలుదేరుతూ వాకిట్లో నిలబడి అన్నాడు.

"ఆర్జవీ, ఆ పాలు ఈశాన్యమూల గుంట తీసి పూడ్చు."

"అలాగే స్వామీ."

ఎందుకో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి మాటలు అలాగే నడిచాయి. శోధన ఎప్పుడూ శిష్యులు చేసేవారు, పాలు వాళ్ళే పూడ్చేవారు. ఆ వారం శిష్యులు సమిధల కోసం కొండకు వెళ్ళారు.

ఆర్జవి పలుగు పట్టుకుని ఈశాన్యమూలకు వెళ్ళింది. అక్కడ నిలబడి ఆలోచించింది. పాలు అగ్నిహోత్రపు నిప్పు మీద కాగాయి. అగ్నిహోత్రం మీద కాగిన పాలు ఒక్క చుక్క నేలరాలినా ప్రాయశ్చిత్తం చేయాలని ఆమె పుట్టింట్లో తండ్రి నేర్పాడు. కుండెడు పాలు తన చేత్తో మట్టిలో పోయడానికి ఆమెకు చేయి రాలేదు. మహర్షి వచ్చాక అడుగుదామనుకుని, పలుగు అక్కడే గోడకు ఆనించి, కుండ తెచ్చి వంటపాకలో మూతపెట్టింది.

రాజు పాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, మహర్షి మూడు రోజులుగా నాకు లంఘనం అనే ఒకే వంటకం పెడుతున్నాడు. చాలా బాగుంది. కొంచెం మార్చమని చెబుతావా?"

ఆర్జవి నవ్వింది. "ఈ రోజుతో ముగుస్తుంది మహారాజా. మధ్యాహ్నం నుంచి పాలు తాగవచ్చని ఆయనే అన్నారు."

"మధ్యాహ్నం అయింది."

అయింది. ఆవు దగ్గరికి వెళ్ళి చూస్తే దూడ తాడు తెంచుకుని అప్పటికే తాగేసింది. పొదుగులో ఏమీ లేదు. ఇంట్లో ఉన్నవి కుండలోని పాలే. ఆకలితో ఉన్న అతిథి వాకిట్లో ఉన్నాడు. అగ్ని కాచిన పాలు మట్టిలోకి వెళ్ళకుండా అతిథి కడుపులోకి వెళితే దోషం ఏముందని ఆమె అనుకుంది. గిన్నెలో పోసి, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. చేదుగా ఉన్నాయి. తేనె కలిపింది. మళ్ళీ రాసుకుంది. ఇంకొంచెం కలిపింది.

రాజు గిన్నె ఎత్తి దించకుండా తాగాడు.

"మీ ఆవు ఏం మేస్తుందో గానీ, నా ఆవులకు కూడా అదే పెట్టిస్తాను" అన్నాడు.

రెండు ఘడియలు గడిచేసరికి రాజు నీళ్ళు అడిగాడు. తాగి, మళ్ళీ అడిగాడు. మూడోసారి గిన్నె నోటికి తగలకముందే పక్కకు వంచి, నీళ్ళు ఒడిలో పోసుకున్నాడు. అతని ముఖం కందిపోయింది. గాలిలో దారం ఏదో వేలాడుతున్నట్టు వేళ్ళతో పట్టి లాగడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళ క్రితం చనిపోయిన తల్లి గుమ్మంలో నిలబడి ఉన్నట్టు ఆమెతో మాట్లాడాడు. తరవాత ఊపిరి వడివడిగా ఆడింది.

బయట గుర్రాల దగ్గర ఉన్న వజ్రబాహువు పరుగున వచ్చాడు. అతను రాజు కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. రాజును గుర్రమెక్కించి స్వారీ నేర్పినవాడు. ఆ ఊపిరి అతను మూడేళ్ళుగా విన్న ఊపిరే అనుకున్నాడు. నడుముకున్న సంచి విప్పి ఎండాకు తీశాడు. చేతికి వచ్చినంత తీశాడు.

"అమ్మా, నిప్పులు తే."

ఆర్జవి నిప్పుల పళ్ళెం తీసుకుని రెండడుగులు వేసింది. సంచిలోంచి వచ్చిన ఆకు వాసన ఆమెకు తగిలింది. ఇందాక పాలకుండ మూత తీసినప్పుడు వచ్చిందీ ఆ వాసనే. ఆమె ఆగిపోయింది.

"తే అంటుంటే."

"ఆ పొగ వద్దు దండనాథా."

"ఎందుకు వద్దు? మీ ఆయన చెప్పిన పొగే కదా."

ఆమె పళ్ళెం కింద పెట్టింది. వజ్రబాహువు చూపు అందుకుని, కళ్ళు దించకుండా చెప్పింది.

"రాజు తాగింది శోధన పాలు. ఆ ఆకు ఏ మొక్కదో, పాలలో ఉడికిన గింజ కూడా ఆ మొక్కదే. పొగ వేస్తే విషం మీద విషం పోసినట్టు."

వజ్రబాహువు చేతిలోని ఆకును చూశాడు. సంచిలో పెట్టి ముడివేశాడు. ఒక భటుణ్ణి నదికి పంపాడు. ఇంకో ఇద్దరిని పిలిచి, రేవు దగ్గర నుంచి మెడకు కట్టడానికి సరిపోయే రాయి తెమ్మన్నాడు.

ఆర్జవి ఆ రాయి ఎందుకని అడగలేదు. రాజుకు విషం ఇచ్చినవారిని, తెలిసి ఇచ్చినా తెలియక ఇచ్చినా, మెడకు రాయి కట్టి గౌతమిలో దించడం సుధావతి ధర్మం. ఆ దేశంలో అందరికీ తెలుసు.

"నాకు నీ మీద పగ లేదమ్మా. మూడు రోజులు నీ చేతి గంజి తాగాను. రాజు బతికితే ఆయన ఇష్టం. బతకకపోతే ధర్మం నా చేతిలో ఉంటుంది" అన్నాడు వజ్రబాహువు.

"అలాగే" అంది ఆర్జవి.

హారిద్రవుడు తడిబట్టలతో వచ్చాడు. రాజును పాకలోకి మార్పించి, తలుపు మూయించి, కిటికీకి చాప కట్టించాడు. రెప్ప ఎత్తి చూశాడు. కనుపాప కంటినంతా ఆక్రమించి ఉంది. చంకలో చేయి పెట్టి చూశాడు. ఒళ్ళు కాలుతోంది, చెమట లేదు.

"వాంతి చేయిద్దామా?" అన్నాడు వజ్రబాహువు.

"స్మృతి లేనివాడికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ వేళ దాటింది." మహర్షి భార్య వైపు తిరిగాడు. "ఆ పాలు చేదు. చేదు పాలు ఎవరైనా రెండు గుక్కలకు మించి తాగరు. రెండేనా?"

గుమ్మం బయట ఇద్దరు భటులు రాయి మోసుకొచ్చి దించారు. దించిన చప్పుడు లోపలికి వినిపించింది.

ఆర్జవి మాట్లాడలేదు.

హారిద్రవుడు ఆ మౌనాన్ని అవునని తీసుకున్నాడు. "రెండు గుక్కలైతే సూర్యాస్తమయానికి చెమట పడుతుంది. చెమట పడితే దిగినట్టే" అన్నాడు. పత్తిపూల కషాయం పెట్టమన్నాడు. అది విరుగుడా అని వజ్రబాహువు అడిగితే, "విరుగుడని చెప్పను. మింగగలిగినప్పుడు చుక్కలుగా పోయడానికి తోడు అని చెబుతాను" అన్నాడు. రాజు చేతులు ఇద్దరు పట్టుకున్నారు. నుదుటి మీద తడిబట్ట మారుస్తూ ఆర్జవి కూర్చుంది.

మూడో యామం సగం గడిచింది. చెమట పట్టలేదు. రాజు అరవడం మానేశాడు. అది నయమని వజ్రబాహువు అనుకున్నాడు. హారిద్రవుడు అనుకోలేదు. ఆయన రాజు రొమ్ము మీద చేయి ఉంచి ఊపిరులు లెక్కపెట్టాడు. మొదటిసారి లెక్కకూ రెండోసారి లెక్కకూ మధ్య నాలుగు తగ్గాయి. మూడోసారికి మరో మూడు తగ్గాయి.

"రెండు గుక్కలకు ఇలా కాదు" అన్నాడాయన, తనలో తాను అనుకున్నట్టు. "నేను ఎక్కడో తప్పాను. కాచిన సేపు తప్పానా? గింజల కొలత తప్పానా?"

ఇరవై ఏళ్ళలో భర్త తన విద్యను శంకించడం ఆర్జవి వినలేదు. ఆమె తడిబట్ట గిన్నెలో వేసింది. బట్ట పిండలేదు.

"మీరు తప్పలేదు స్వామీ. గిన్నెడు తాగాడు."

"గిన్నెడు ఎలా తాగుతాడు? చేదు కదా."

"చేదని నాకు తెలుసు. రుచి చూశాను. తేనె కలిపాను. చాలక ఇంకోసారి కలిపాను. ఇందాక మీరు అడిగినప్పుడు చెప్పలేదు. రాయి దించిన చప్పుడు విన్నాను."

వజ్రబాహువు ఖడ్గం పిడి మీద చేయి వేసి, మళ్ళీ తీశాడు.

హారిద్రవుడు కషాయపు గిన్నె చూశాడు, రాజును చూశాడు. "గిన్నెడైతే నా దగ్గరున్నది చాలదు. నా గురువు దగ్గర కూడా లేదు" అన్నాడు.

ఆర్జవి లేచి వాకిట్లోకి వచ్చింది. రాయి దాటింది. శుద్ధ అష్టమినాడు చంద్రుడు మధ్యాహ్నమే ఉదయిస్తాడు. అప్పటికి తూర్పున మూడు నిలువుల ఎత్తు ఎక్కి, ఎండలో వెలిసిన గుడ్డముక్కలా ఉన్నాడు. ఓషధులన్నిటికీ రాజు ఆయనే. ఆర్జవి చేతులు జోడించింది.

"ఓషధీశ్వరా, రోహిణీవల్లభా, విను. పూడ్చమన్న పాలు నేను పూడ్చలేదు. చేదు తెలిసీ తేనె కలిపాను. కొలత అడిగితే ప్రాణభయంతో దాచాను. చంపాలనే తలపు మాత్రం నాకు లేదు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా ఈ రాయి నాకు చాలదు. అన్నీ నిజమైతే నీ ప్రజల్లో ఒకతె ఆ మనిషి ఒంట్లో ఉంది, ఆమెను పిలుచుకో."

తలెత్తి చూసేసరికి తూర్పున చంద్రుడు లేడు. రాయి పక్కన తెల్లని వస్త్రం కట్టుకున్న పురుషుడు నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండ అతని మీద పడుతోంది. అతనికి నీడ లేదు.

హారిద్రవుడు గుమ్మంలోకి వచ్చి సాష్టాంగపడ్డాడు. భటులు వెనక్కి జరిగారు. సోముడు వాళ్ళెవరినీ చూడక, కంచె వైపు తిరిగి, "రా" అన్నాడు.

కంచె పక్కనున్న ఉమ్మెత్తలోంచి ఒక స్త్రీ లేచి వచ్చింది. ఆమె చీరది ఉమ్మెత్తపూవు తెలుపు, అంచుది దాని కాడ ఊదారంగు. కంచె దాటి వచ్చి, నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఎందుకు పిలిచావు ప్రభూ? నా పని నేను చేస్తున్నాను."

"రాజును చంపడం నీ పనా?"

"ఊపిరి బిగిస్తే విప్పడం నా పని. కొలత మించితే ఊపిరి ఆపడం కూడా నా పనే. నన్ను చేసినవాడు రెండూ ఒకే గింజలో పెట్టాడు. పరమశివుడు తలమీద పెట్టుకున్నప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. తేనె వేసి తాగించమని వీళ్ళకు నేను చెప్పానా?"

"రాజు ఒంట్లోంచి తిరిగి రా."

"ఎంత పోయిందో తెలియకుండా ఎంత తీసుకురాను? కొలత తెలిస్తే వస్తాను. ఇందాకటి దాకా రెండు గుక్కలన్నారు."

సోముడు ఆర్జవిని అడిగాడు. "తేనె ఎందుకు కలిపావు?"

"చేదుగా ఉంటే ఆకలితో ఉన్నవాడు సగంలో వదిలేస్తాడని."

"నువ్వెందుకు తాగలేదు?"

"అతిథి తాగాక మిగిలితే తాగుదామనుకున్నాను."

"గిన్నెలో మిగిలిందా?"

"లేదు. ఒక్క చుక్క కూడా."

"కుండలో?"

"సగం ఉంది. మూతపెట్టి ఉంది."

ఉమ్మెత్త ఆమెను కాసేపు చూసింది. "ఈమె ఇప్పుడు దాచడం లేదు" అంది. పాకలోకి వెళ్ళి, రాజు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అతని నుదుటి మీద అరచేయి ఆనించి, కొంత సేపటికి తీసింది. ఆ చేయి ఆకుపచ్చగా మారింది. అరచేయి చీరకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

లోపల నుంచి వజ్రబాహువు గొంతు వినిపించింది. "స్వామీ, మెడ తడిగా ఉంది."

హారిద్రవుడు లోపలికి వెళ్ళాడు. రాజు మెడ మీద చెమట పట్టింది. రొమ్ము మీద పట్టింది. ఊపిరి లెక్కపెట్టాడు. పోయిన ఏడింటిలో నాలుగు తిరిగి వచ్చాయి.

బయట సోముడు ఆర్జవితో అన్నాడు. "నిజం చెప్పినందుకు ఒక వరం ఇస్తాను. కోరుకో." చెబుతూ రాయి వైపు చూశాడు.

ఆర్జవి కూడా రాయి వైపు చూసింది. రాజు ప్రాణం దక్కింది. తన ప్రాణం సంగతి రాజు చేతిలో ఉంది. ఆమె కంచె పక్కన నున్నగా వేలాడుతున్న కాయల్ని చూసింది.

"చెప్పవలసిన మనిషి నదికి వెళ్ళాడు. అడగవలసిన దాన్ని నేను అడగలేదు. రేపు ఇంకెవరి ఇంట్లోనో ఇలాగే అవుతుంది ప్రభూ. చెప్పేవాళ్ళు దగ్గర లేనప్పుడు కాయే చెప్పాలి. పట్టుకోగానే చేయి ఆగేలా దానికి ఏదైనా ఇవ్వు."

"నన్ను అడగరా?" అంది ఉమ్మెత్త.

"నీకు ఇష్టమేనా?" అన్నాడు సోముడు.

ఉమ్మెత్త ఆలోచించింది. "పూవు జోలికి రావద్దు. అది శివుడిది. ఆకూ గింజా వైద్యుడికి కావాలి, అవీ వద్దు. కాయకు ఏం చేసినా సరే. నన్ను చూసి మనిషి ఒక్క క్షణం ఆగితే నాకూ నింద తప్పుతుంది."

"తథాస్తు" అన్నాడు అమృతకిరణుడు.

కంచె వెంట కాయలన్నిటికీ ముళ్ళు మొలిచాయి. సోముడు ఉన్న చోట ఎండ మాత్రమే ఉంది. తలెత్తితే తూర్పున చంద్రుడు మళ్ళీ ఉన్నాడు.

నవమి ఉదయం రాజు కళ్ళు తెరిచాడు. కనుపాపలు ఇంకా పూర్తిగా తగ్గలేదు, వెలుగు చూడలేకపోయాడు. నీళ్ళు అడిగి, ఒలకకుండా తాగాడు. వజ్రబాహువును పేరు పెట్టి పిలిచి, తన గుర్రానికి మేత వేశారా అని అడిగాడు. దండనాథుడు ముఖం పక్కకు తిప్పుకుని వేశామన్నాడు. తరవాత జరిగింది జరిగినట్టు చెప్పి, ఆర్జవిని ముందుకు పిలిచి, ధర్మం ఏమిటో గుర్తుచేశాడు.

సోమవర్ధనుడు అంతా విన్నాడు.

"పాలు ఎవరు అడిగారు?"

"తమరే మహారాజా."

"దించకుండా తాగింది ఎవరు?"

"తమరే."

"అయితే ఒక్క రాయి తెప్పించావేం? రెండు తేవలసింది."

హారిద్రవుడు ముందుకు వచ్చాడు. "మూడు కావాలి మహారాజా. ఏం చేయాలో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. నా విద్య సగమే నా ఇంట్లో ఉంది."

రాజు పడుకునే శాసనం చెప్పాడు. విషం ఇచ్చినవారి ధర్మంలో 'తెలియక ఇచ్చినా' అనే మాట ఆ రోజు నుంచి తీసివేశారు. విషమున్న ఓషధిని ముట్టే వైద్యుడు పక్కనున్నవారికి పనితోపాటు కారణం కూడా చెప్పాలని, చెప్పనివాడు వైద్యం మానాలని ఇంకో మాట చేర్చారు. రాజు ఉబ్బసానికి ఆ గింజల మందు ఆ ఏడాది ఇవ్వలేదు. ఆ ఒంటికి ఆ కాలానికి అందిన ఉమ్మెత్త చాలునని హారిద్రవుడు అన్నాడు. రాజు నగరానికి వెళ్ళాడు. వజ్రబాహువు రాయిని రేవుకు మోయించబోతే ఆర్జవి ఉంచమంది.

ఆమె వంటపాకలోంచి కుండ తెచ్చింది. గోడకు ఆనించిన పలుగు తీసుకుని, ఈశాన్యమూల మోకాలి లోతు గుంట తవ్వింది. భర్త పక్కన నిలబడి, ఆ పాలు ఏం చేస్తాయో, ఆవు తాగితే ఏమవుతుందో, పిల్లి నాకితే ఏమవుతుందో చెబుతున్నాడు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. ఆయన రెండుసార్లూ చెప్పాడు. అగ్నిహోత్రపు పాలు నేలపాలు చేసినందుకు ప్రాయశ్చిత్తం ఏమిటని మూడోసారి అడిగింది. అగ్ని ఇచ్చిన బూడిదే పాలలో కలిపి పోస్తే దోషం లేదని ఆయన చెప్పాడు.

ఆర్జవి బూడిద కలిపి పాలు గుంటలో పోసింది. మట్టి కప్పి తొక్కింది. భటులు తెచ్చిన రాయిని దొర్లించుకొచ్చి దాని మీద పెట్టింది.